సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంత విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు: సేకరణలు, సేవలు, ప్రవేశం

హైదరాబాద్ నుంచి ముంబై వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా, రామచంద్రాపురం మొదలు సదాశివపేట దాకా, కర్మాగారాలూ చదువుల ప్రాంగణాలూ ఒకదాని పక్కన ఒకటి పెరిగాయి. రామచంద్రాపురానికి బీహెచ్ఈఎల్ 1960లలో వచ్చింది. మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరు పక్కన ఏర్పడింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో విస్తరించాయి. విశ్వవిద్యాలయాలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలైన ఐఐటీ హైదరాబాద్ 2015లో సంగారెడ్డి పక్కనున్న కందికి మారింది. రుద్రారంలో గీతం ప్రాంగణం 2009లో, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూహెచ్ ఇంజనీరింగ్ కళాశాల 2012లో మొదలయ్యాయి. కంకోల్‌లోని వోక్సెన్‌కు 2020లో ప్రైవేటు విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. వీటన్నిటికీ గ్రంథాలయాలున్నాయి. పుస్తకాల సంఖ్య, హాలులో కుర్చీల సంఖ్య, చందా కట్టిన డేటాబేసుల జాబితా చూసి వాటి స్థాయిని లెక్కగట్టడం తనిఖీ బృందాలకు అలవాటు. ఈ ప్రాంతం విషయంలో ఆ లెక్క అసలు సంగతిని చెప్పదు. ఇక్కడి పరిశ్రమ పుట్టిందే గ్రంథాలయంలో చదివిన సమాచారం ఆధారంగా. ఆ పరిశ్రమ ఇక్కడి నీటికి చేసిన హాని కూడా మొదట కచ్చితంగా నమోదైంది పరిశోధన పత్రికల్లోనే. కాబట్టి ఇక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని అంచనా వేయాలంటే రెండు విషయాలు చూడాలి: తన చుట్టూ ఉన్న నేల గురించి అది ఏం సేకరించింది, ప్రాంగణం బయటి మనిషికి అందులో ఎంత అందుతోంది.

ముందు సేకరణల సంగతి. కొత్తగా పుట్టిన విశ్వవిద్యాలయానికి పాత పుస్తకాల బీరువాలు ఉండవు. ఉస్మానియా గ్రంథాలయం 1918 నుంచి పోగుచేసుకున్న సంపదను కంది గానీ రుద్రారం గానీ ఏ డబ్బుతోనూ కొనలేవు. అయితే ఇవి మొదలైన కాలం వీటికి ఒక రకంగా కలిసివచ్చింది. ఐఐటీలు, సాంకేతిక సంస్థలు కలిసి ఒకే బేరంతో జర్నళ్లు కొనుక్కునే ఇండెస్ట్ సమాఖ్య 2003 నాటికే ఉంది. అలాంటి సమాఖ్యలన్నీ 2015లో ఈ–శోధ్‌సింధుగా ఒకటయ్యాయి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. ఇంత పెద్ద ఒప్పందం మన గ్రంథాలయాల చరిత్రలో ఇంతకు ముందు లేదు. దీనివల్ల ఈ రహదారి మీదే ఒక గీత పడింది. ప్రభుత్వ సంస్థలైన ఐఐటీ హైదరాబాద్, సుల్తాన్‌పూర్ కళాశాల ఆ గీతకు ఇవతల ఉన్నాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తొలి దశలో లేవు గనుక వాటి చందాలు అవే కట్టుకోవాలి. నిన్నటిదాకా ఖరీదైన జర్నళ్ల ఊసే లేని ప్రభుత్వ కళాశాలలకు ఈ పథకం నిజంగా మేలు చేసింది. అదే సమయంలో, ఇప్పుడు గ్రంథాలయం 'సేకరణ' అంటున్నదానిలో ఎక్కువ భాగం దాని సొంతం కాదన్న సంగతి మరువకూడదు. అది గడువున్న అనుమతి. చందా ఆగితే, ఒప్పందంలో వెనకటి సంచికలపై హక్కు రాసుకోకపోతే, చదివిన సంవత్సరాలు కూడా చేజారతాయి. అచ్చు జర్నల్ రావడం ఆగిపోయినా అప్పటిదాకా వచ్చిన సంపుటాలు అలమరలోనే ఉండేవి.

సేవలు కూడా ఈ మార్పు వెంటే నడిచాయి. పుస్తకం వెనక కార్డు, తేదీ ముద్ర పోయి ఆర్ఎఫ్ఐడీ చిప్పులు, స్వయంగా ఇచ్చిపుచ్చుకునే యంత్రాలు వచ్చాయి. ఇంటి నుంచో హాస్టల్ నుంచో లాగిన్ అయ్యేందుకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ వంటి ఏర్పాట్లున్నాయి. తమ దగ్గర లేని పుస్తకాన్ని, వ్యాసాన్ని డెల్‌నెట్ ద్వారా మరో గ్రంథాలయం నుంచి తెప్పించవచ్చు. కందిలో జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ రుణంతో కట్టిన ప్రాంగణ భవనాల్లో గ్రంథాలయమూ ఉంది. ఆ ప్రాంగణ రూపకల్పనలో టోక్యో విశ్వవిద్యాలయ నిపుణుల పాత్ర ఉంది. భవనం గొప్పదే. ఐఐటీ గ్రంథాలయం నిర్వహించే 'రాయిత్' అనే పరిశోధన భాండారం నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది. ఆ సంస్థ అధ్యాపకుల పత్రాలు, విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు అందులో చేరుతున్నాయి. విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలను బహిరంగంగా ఉంచే 'శోధ్‌గంగ'కు పునాది యూజీసీ 2009 నిబంధనల్లో పడింది. 2018 నాటి యూజీసీ నిబంధనల తర్వాత గ్రంథాలయానికి మరో పని వచ్చిపడింది. ప్రతి థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక ఎంత ఉందో తనిఖీ చేసి ధ్రువపత్రం ఇవ్వాలి; పది శాతం దాకా పోలికకు శిక్ష లేదు, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దే. నిజం చెప్పాలంటే, పరిశోధక విద్యార్థుల్లో చాలామందికి గ్రంథాలయ సిబ్బంది ఎదురుపడేది ఈ తనిఖీ దగ్గరే. సలహా అడగాల్సిన చోటు సంతకం కోసం నిలబడే చోటుగా మారడం మంచి పరిణామం కాదు.

విశ్వవిద్యాలయాలు రాకముందే ఈ ప్రాంతంలో ఒక పరిశోధన గ్రంథాలయం ఎలా నడవాలో చూపించిన సంస్థ ఇక్రిశాట్. అది విశ్వవిద్యాలయం కాదు గానీ ఇక్కడి విశ్వవిద్యాలయాలు చూసి నేర్చుకోదగిన ఉదాహరణ అదొక్కటే. 1970ల చివర్లో కెనడాకు చెందిన ఐడీఆర్‌సీ సాయంతో అక్కడ జొన్న, చిరుధాన్యాల సమాచార కేంద్రం ఏర్పడింది. ప్రపంచంలో జొన్న మీద ఏ భాషలో ఏం అచ్చయినా దాని వివరం పట్టుకుని సూచికలు ప్రచురించడం దాని పని. 1980లలో ఆ సేవ విస్తరించి మెట్ట ప్రాంత పంటలన్నిటినీ కలుపుకుంది. ఆఫ్రికాలోనో ఆసియాలోనో చిన్న కేంద్రంలో ఉన్న శాస్త్రవేత్తకు ఏ విషయం మీద ఆసక్తి ఉందో ముందే నమోదు చేసుకుని, దానికి సరిపడే కొత్త పత్రాల వివరాలను క్రమం తప్పకుండా పంపేవారు. అడిగితే నకలు కూడా. పాఠకుడు పటాన్‌చెరుకు రావాల్సిన అవసరం లేదు, ఇక్రిశాట్ ఉద్యోగి కావాల్సిన అవసరమూ లేదు. 2009లో సంస్థ తన పరిశోధన పత్రాలన్నీ బహిరంగ భాండారంలో ఉండాలన్న నియమం పెట్టుకుంది. ఆనాటికి మన దేశంలో అలాంటి నియమం పెట్టుకున్న సంస్థలు చాలా తక్కువ.

అదే ఆవరణలోని విత్తన భాండారాన్ని కూడా ఈ వ్యాసంలో చేర్చడానికి కారణం ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగలతో పాటు రాగి, కొర్ర, సామ, వరిగ, ఊద, అరిక — ఈ పదకొండు పంటల విత్తనాలు 144 దేశాల నుంచి సేకరించిన 1,20,000కు పైగా నమూనాలుగా అక్కడున్నాయి. వాడకానికి ఇచ్చే నమూనాలను 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, దీర్ఘకాలం దాచేవాటిని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మరో జత నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు భాండారంలో ఉంది. ప్రతి నమూనాకు సంఖ్య, పుట్టిన చోటు, గుణగణాల వివరం, ఎవరికి ఎప్పుడు పంపారన్న లెక్క ఉంటాయి. 2006లో కుదిరిన ఒప్పందంతో ఈ సేకరణ ఆహార, వ్యవసాయ మొక్కల జన్యు వనరుల అంతర్జాతీయ ఒడంబడిక పరిధిలోకి వచ్చింది. ప్రామాణిక బదిలీ ఒప్పందం మీద సంతకం చేసిన ఎవరికైనా పరిశోధనకు, పంటల మెరుగుదలకు, శిక్షణకు విత్తనం ఇస్తారు. అందుకున్నవాళ్లు ఆ విత్తనంపై ఇతరుల అందుబాటును అడ్డుకునే హక్కులు కోరకూడదు. గ్రంథాలయ శాస్త్రం ఏళ్ల తరబడి చర్చించే ప్రశ్నలకు — ఏది దాచాలి, ఎవరికివ్వాలి, ఏ షరతు మీద, నకలు ఎక్కడుంచాలి — ఇక్కడ పనిచేస్తున్న జవాబులు దొరుకుతాయి. ఏ దేశంలోనైనా స్థానిక సేకరణ నశిస్తే ఇక్కడి నుంచి తిరిగి పంపగలగడం దీని వల్లే సాధ్యమైంది. పటాన్‌చెరు నేల మీద అంతర్జాతీయ స్థాయి సేకరణ ఇంత ఉదారంగా నడుస్తుంటే, అదే రహదారి మీది ప్రాంగణాల్లో కాగితానికి, ఫైలుకు అంతకంటే కఠినమైన కాపలా ఎందుకన్న ప్రశ్న సహజంగా వస్తుంది.

ఈ ప్రశ్నకు పరిశ్రమ వైపు నుంచి చూస్తే మరింత బలం చేకూరుతుంది. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతం బల్క్ డ్రగ్ తయారీకి పేరుపొందడానికి చవక భూమి, నీరు, హైదరాబాద్ సామీప్యం, ప్రభుత్వ రాయితీలు కారణాలని సాధారణంగా చెబుతారు. అవి నిజమే గానీ సరిపోవు. చవక భూమి దేశంలో చాలా చోట్ల ఉంది. 1970 పేటెంట్ల చట్టం మందుల అణువుకు పేటెంటు తీసేసి, తయారీ పద్ధతికి మాత్రమే ఉంచింది. అంటే మరో పద్ధతిలో అదే మందు చేయగలిగినవాడికి దారి తెరుచుకుంది. ఆ మరో పద్ధతి ఎక్కడ దొరుకుతుంది? విదేశీ పేటెంటు పత్రాల్లో, జర్నళ్లలో, 1907 నుంచి వస్తున్న 'కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్' బరువైన సంపుటాల్లో. ఈ సాహిత్యం హైదరాబాద్‌లో తార్నాకలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల వంటి చోట ఉండేది. ఆ సంస్థే 1989 తర్వాత ఐఐసీటీ. బాలానగర్‌లోని ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో తయారీ నేర్చుకున్న రసాయన శాస్త్రవేత్తలు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. వారిలో అందరికీ తెలిసిన పేరు కల్లం అంజిరెడ్డి. ఆయన 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్‌కు బొల్లారంలో కర్మాగారాలు వచ్చాయి. కొత్త తయారీ దారిని కనిపెట్టడంలో మొదటి మెట్టు ప్రయోగశాలలో పడదు. ఇంతకు ముందు ఎవరెవరు ఏ దారిలో చేశారో వెతకడంలో పడుతుంది. ఆ వెతుకులాట పాతికేళ్ల పాటు ఒక ఊరి పరిశ్రమను నిలబెట్టింది. ఈ రోజు ఆ సంపుటాలు అచ్చు కావు. 2010 నుంచి ఆ సమాచారం పూర్తిగా చందా డేటాబేసే. పెద్ద కంపెనీ ఆ చందా కట్టుకోగలదు. పది మంది కెమిస్టులతో నడిచే చిన్న యూనిట్ కట్టుకోలేదు. నాడు తార్నాకలో పుస్తకం ముందు కూర్చునే అవకాశం ఉన్న యువ కెమిస్టుకు సమానమైన అవకాశం నేడు పాశమైలారంలో ఉన్న అతని మనవడి తరానికి లేదు.

ఇక పరిశ్రమ మిగిల్చిన రెండో ఖాతా. పారిశ్రామికవాడల వ్యర్థ జలాలు ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీర వైపు పారడం, చెరువులు, బావులు పాడవడం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. అది తర్వాత హైకోర్టుకు, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017 దాకా నడిచింది. కాలుష్యం ఉందని ఊళ్లకు తెలుసు, పశువుల కాపరులకూ తెలుసు. ఏ పదార్థం ఎంత ఉందో అంకెలతో చూపిన పత్రం మాత్రం 2007లో వచ్చింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలు శుద్ధికి వచ్చే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. అది మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన గాఢత. ఆ పత్రం 'జర్నల్ ఆఫ్ హజార్డస్ మెటీరియల్స్'లో అచ్చయింది. అది చందా జర్నల్. ప్రపంచమంతా యాంటీబయాటిక్ నిరోధకత చర్చల్లో పటాన్‌చెరు పేరు మారుమోగుతున్న రోజుల్లో, ఆ నీళ్లు పారే ఊళ్లో న్యాయవాదో వైద్యుడో ఉపాధ్యాయుడో ఆ పత్రాన్ని చట్టబద్ధంగా చదవాలంటే డాలర్లు కట్టాల్సిందే. నాలుగేళ్లకు, 2011లో, ఇక్కడి వాగు మట్టిలో నిరోధక జన్యువులు ఎంత దట్టంగా ఉన్నాయో చూపిన మరో పత్రం 'ప్లాస్ వన్'లో వచ్చింది. అది ఎవరైనా ఉచితంగా చదవగల పత్రిక. ఒకే ఊరు, ఒకే సమస్య, చాలావరకు ఒకే శాస్త్రవేత్తల బృందం. ఎక్కడ అచ్చయిందన్న దాన్ని బట్టి ఒకటి ఊరికి అందింది, మరొకటి అందలేదు. ఈ తేడాను సరిదిద్దగల స్థానంలో ఉన్నది గ్రంథాలయమే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం: అంతా ఇంటర్నెట్‌లో ఉన్నప్పుడు గ్రంథాలయం గడప ఎక్కాల్సిన పనేముంది? ఇందులో సగం నిజం ఉంది. ఉచిత పత్రాలు పెరిగాయి, పేటెంట్ల కార్యాలయాల సమాచారం ఉచితంగా దొరుకుతోంది, శోధ్‌గంగ ఉంది. మిగతా సగం అనుకున్నంత గట్టిది కాదు. చందా పత్రాలను ఊరికే అందించే సై–హబ్ మీద ముగ్గురు ప్రచురణకర్తలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2025 ఆగస్టులో ఆ సైటును నిలిపివేయాలని కోర్టు ఆదేశించింది. అలాంటి దారి మీద ఒక జిల్లా సమాచార అవసరాలను వదిలేయలేం. 'అంతా ఆన్‌లైన్' అన్న నమ్మకం ఎంత పెళుసైనదో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ముఖ్య పాత్ర వహించిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. కొన్నేళ్లకు ఆ సైటే అందుబాటులో లేకుండా పోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకళ్లు చేరబట్టి వాటిలో చాలా పుస్తకాలు ఈ రోజు చదవగలుగుతున్నాం. ఇక కృత్రిమ మేధ ప్రశ్నకు జవాబు అల్లి ఇస్తుంది. లేని పత్రాన్ని ఉన్నట్టు, పేరు, సంవత్సరంతో సహా చూపిన సందర్భాలు ప్రపంచవ్యాప్తంగా కోర్టుల దాకా వెళ్లాయి. నక్కవాగు నీటిలో ఫలానా మందు ఎంతుందన్న అంకెను వాదనలో పెట్టబోయే మనిషికి మూల పత్రం కావాలి. అది దొరికే చోటు కావాలి. అది అసలుదో కాదో చెప్పగల గ్రంథపాలకుడు కావాలి.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది, ఎక్కువగా గ్రంథపాలకుల నుంచే వస్తుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం తన విద్యార్థుల కోసం, తన బడ్జెట్‌తో నడుస్తుంది. ప్రచురణకర్తల ఒప్పందాలు బయటివారికి అనుమతి ఇవ్వవు. తలుపు తెరిస్తే గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థులతో హాలు నిండి పరిశోధకుడికి కుర్చీ దొరకదు. క్యాంపస్ భద్రత ఒకటి. వీటిని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం. ఒప్పందాల విషయంలో అందరూ అనుకునేంత ఇరుకు లేదు. గ్రంథాలయంలోకి స్వయంగా వచ్చి, అక్కడి కంప్యూటర్ మీద చదువుకునే సందర్శకుడిని చాలా ప్రచురణ సంస్థల నమూనా ఒప్పందాలు అనుమతించిన పాఠకుడిగానే గుర్తిస్తాయి. బయటి నుంచి లాగిన్ ఇవ్వకూడదన్నదే వాటి అసలు షరతు. కుర్చీల విషయంలో, చదువుకునే హాలునూ వెతికిపెట్టే సేవనూ వేరు చేసి చూడాలి. పోటీ పరీక్షల అభ్యర్థికి కావాల్సింది ప్రశాంతమైన చోటు, కరెంటు, మంచినీళ్లు. అది జిల్లా గ్రంథాలయం, పురపాలక సంఘం కల్పించాల్సిన సౌకర్యం. చిన్న కర్మాగారం కెమిస్టుకు, విలేకరికి, పీహెచ్‌డీ లేని సైన్స్ టీచరుకు కావాల్సింది రెండు గంటల పాటు ఒక కంప్యూటర్, పక్కన దారి చూపే మనిషి. దానికి రెండు మూడు బల్లలు, ముందుగా సమయం రాయించుకునే పుస్తకం, గుర్తింపు కార్డు చాలు. విద్యార్థుల బడ్జెట్ వాదన ప్రైవేటు సంస్థల విషయంలో నిలుస్తుంది. అక్కడ చందా డబ్బు ఫీజుల నుంచే వస్తుంది. 6,000 కోట్ల ప్రజాధనంతో కొన్న జర్నళ్లకు మాత్రం అది నిలవదు. మందుల వాసన పీల్చే ఊరివాడు కూడా ఆ పన్ను కట్టినవాడే.

అలాంటప్పుడు ఈ పనంతా పౌర గ్రంథాలయాలదే కదా, విశ్వవిద్యాలయాల నెత్తిన ఎందుకంటారు మరికొందరు. సూత్రంగా ఇది నాకు నచ్చే వాదనే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను విధించింది. తెలంగాణలోనూ ఆ విధానం కొనసాగుతోంది. 'వన్ నేషన్' పథకం ఆలోచనలో తర్వాతి దశలు ఉన్నాయి: ప్రైవేటు సంస్థలను చేర్చడం, ఆపైన పౌర గ్రంథాలయాల్లో నిర్ణీత కేంద్రాల ద్వారా పౌరులందరికీ జర్నళ్లు అందించడం. ఆ చివరి దశ వస్తే సంగారెడ్డి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో లార్సన్ పత్రం చదవొచ్చు. అది వచ్చేదాకా ఏం చేయాలన్నది ప్రశ్న. వచ్చాక కూడా దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు అందించడానికి అలవాటుపడిన సిబ్బందికి రసాయన శాస్త్ర డేటాబేసుల్లో వెతకడం నేర్పాల్సింది పక్కనున్న విశ్వవిద్యాలయ గ్రంథపాలకులే. రెండు వ్యవస్థలూ కొద్ది కిలోమీటర్ల దూరంలో ఒకదాని ఉనికి ఒకదానికి పట్టనట్టు నడవడం వనరుల వృథా.

ఇంగ్లిష్ జర్నల్ ఊరికి ఏం ఉపయోగమన్న మాటను కూడా పరిశీలించాలి. రైతు నేరుగా జర్నల్ చదువుతాడని ఎవరూ అనడం లేదు. జ్ఞానం మధ్యవర్తుల ద్వారానే చేరుతుంది. ఈ జిల్లాలో ఆ మధ్యవర్తులు ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలను సామూహికంగా దాచుకున్నాయి. 2008లో మాచునూరు నుంచి సంఘం రేడియో మొదలుపెట్టాయి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. అదే జిల్లాలో ఇక్రిశాట్ శీతల గదుల్లో ఉన్న జొన్న, కొర్రల నమూనాలు ఒక ఎత్తైతే, వాటిని ఏ నేలలో ఏ కార్తెలో వేస్తారో, ఏది రొట్టెకు ఏది గటకకు పనికొస్తుందో చెప్పగల ఆడవాళ్ల జ్ఞాపకం మరో ఎత్తు. మొదటిదానికి సూచిక ఉంది. రెండోదాన్ని రికార్డు చేసి, తేదీ, ఊరు, పంట పేరుతో జాబితా కట్టడం గ్రంథాలయానికి చేతనైన పనే. దాన్ని ఆ సంఘాల అనుమతితో, వారి షరతుల మీదే చేయాలి. విత్తనానికి షరతులున్నట్టే మాటకూ ఉంటాయి.

ఇక్కడి నుంచి సేకరణల ప్రశ్నకు మళ్లీ రావాలి. జాతీయ చందాలు వచ్చాక కందిలో ఉన్న జర్నళ్లే ఖరగ్‌పూర్‌లోనూ గువాహటిలోనూ ఉంటాయి. అలాంటప్పుడు ఒక గ్రంథాలయానికి ప్రత్యేకత ఇచ్చేవి మరెక్కడా దొరకని కాగితాలు మాత్రమే. ఈ ప్రాంతానికి అలాంటివి కుప్పలుగా ఉన్నాయి, చెల్లాచెదురుగా ఉన్నాయి. కాలుష్య వ్యాజ్యంలో దాఖలైన జిల్లా న్యాయమూర్తి నివేదికలు, జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' అధ్యయనాలు, నష్టపరిహారం జాబితాలు, కాలుష్య నియంత్రణ మండలి నీటి పరీక్షలు, భూగర్భ జల శాఖ కొలతలు, మంజీర ఆయకట్టు లెక్కలు, మూతబడిన కర్మాగారాల యూనియన్ల కరపత్రాలు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటనను చూడండి. ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ప్రతి ప్రాజెక్టు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలోనూ తయారుచేయాలని, దాన్ని ప్రజలు చూసేందుకు ఎంపిక చేసిన కార్యాలయాలు లేదా పౌర గ్రంథాలయాల వంటి చోట్ల ఉంచాలని అది చెబుతోంది. అంటే చట్టం దృష్టిలో గ్రంథాలయం ఈ వ్యవహారంలో అప్పటికే ఉంది. సభ ముగిశాక ఆ ప్రతులను భద్రపరిచే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు. పదేళ్ల కింద కంపెనీ ఏం హామీ ఇచ్చిందో, ఇప్పుడు విస్తరణకు అడుగుతూ ఏం చెబుతోందో పక్కపక్కన పెట్టి చూసే వీలు అందుకే పోతోంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల ముడిసరుకు కర్మాగారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా కార్మికులను బలి తీసుకుంది. అలాంటి ఘటన తర్వాత విచారణ కమిటీకీ, కార్మిక సంఘానికీ, తర్వాతి యూనిట్ మేనేజరుకూ మొదట కావాల్సింది ఇలాంటి పాత కాగితాలూ, అదే రకం ప్రమాదాల మీద ప్రపంచంలో వచ్చిన సాహిత్యమూ ఒకేచోట.

ఇంత సేకరణ వివాదాస్పదం అవుతుందని, పరిశ్రమతో కలిసి పరిశోధన చేసే విశ్వవిద్యాలయం దాన్ని తలకెత్తుకోదని అనుమానించవచ్చు. అనుమానం నిజమయ్యే అవకాశం ఉంది. కంపెనీల నిధులతో నడిచే ప్రయోగశాలలు ప్రతి ప్రాంగణంలో ఉన్నాయి. అయితే పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగం కోర్టులో దాఖలైనవి, ప్రభుత్వం ప్రచురించినవి, సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వాల్సినవి. వాటిని పోగుచేయడం ఎవరి పక్షమూ వహించడం కాదు. కంపెనీకీ వాటి అవసరం ఉంది: తాము శుద్ధి విధానం మార్చుకున్నాక వాగు మెరుగైందని చూపాలంటే పాత అంకె ఉండాలి కదా. పని కూడా మరీ పెద్దది కాదు. రాయిత్ లాంటి భాండారం నడపడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఉచితమే, స్కానర్లు ప్రతి గ్రంథాలయంలో ఉన్నాయి, సుల్తాన్‌పూర్ నుంచి కంది దాకా ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు ఏటా నీటి మీద, నేల మీద ప్రాజెక్టులు చేస్తూనే ఉన్నారు. ఆ నివేదికలను ఒక ప్రాంతీయ శీర్షిక కింద చేర్చడంతో మొదలుపెట్టవచ్చు. జాతీయ చందా ఒప్పందం ప్రస్తుత గడువు 2027తో ముగుస్తుంది. దాన్ని పొడిగించినా, బేరం కుదరక కొన్ని జర్నళ్లు పోయినా, రాయిత్‌లో, ఇక్రిశాట్ భాండారంలో చేరిన పత్రాలు ఆ రోజు కూడా ఇప్పటిలాగే తెరుచుకుంటాయి.